చర్చి గోడను ఆనుకుని

ఆ ఆదివారం రెండో పాట సగంలో ఉండగా చర్చి ఉత్తరం వైపు గోడ నుంచి తలగడంత పెచ్చు ఊడి హార్మోనియం పక్కన దబ్బున పడింది. హార్మోనియం వాయించే పాటల పిన్ని కళ్లు మూసుకుని పాడే మనిషి. చప్పుడుకి కళ్లు తెరిచేసరికి చేతులు, చీర, జుట్టు అన్నీ తెల్లటి దుమ్ము. "పైకి వెళ్లిపోయాననే అనుకున్నానమ్మా! ఒళ్లంతా అంత తెల్లగా మెరుస్తుంటే ఇంకేమనుకోను?" అని ఆవిడ తర్వాత చాలాకాలం కనపడిన వాళ్లందరికీ చెప్పుకుంది.

జనం ఒకరినొకరు తోసుకుంటూ బయటికి పరుగెత్తారు. ఎవరికీ ఏమీ కాలేదని తేలాక పాస్టరుగారు ఆవరణలోనే నిలబడి ముగింపు ప్రార్థన చేశారు. ఆ ప్రార్థనలో లేని మనిషి ఒక్కతే. ఆమె లోపల చీపురు పట్టుకుని పెచ్చులు ఊడుస్తోంది.

ఆమెని అందరూ తాళాలక్క అంటారు. అసలు పేరు ఉంది కానీ, ఎవరూ పిలవకపోవడంతో ఎప్పుడైనా ఆస్పత్రిలో ఆ పేరు కేకేస్తే తనని కాదేమో అనుకుని కూర్చునే ఉండిపోయేది. పెద్ద తలుపు తాళం, గంట గది తాళం, పాస్టరుగారి గది తాళం, కానుకల పెట్టె తాళం అన్నీ ఒకే గుత్తిగా ఆమె నడుముకి వేలాడేవి. ఆమె వస్తోందంటే ముందు ఆ గలగల వినపడేది. పిల్లలు ఆ చప్పుడు వినగానే బెంచీల మీంచి కాళ్లు దించేసేవాళ్లు.

చర్చి ఊడవడం, బెంచీలు తుడవడం, గంట కొట్టడం, పెళ్లికి పూలు కట్టడం, చావుకి తెల్లగుడ్డ పరచడం ఇవన్నీ ఒకప్పుడు వాళ్ల నాన్న పనులు. ఆయన గంట గది మెట్ల మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాక అవన్నీ ఆమెకి వచ్చాయి. ఎవరూ పిలిచి అప్పగించలేదు. ఆ మర్నాడు గంట కొట్టాల్సిన వేళకి ఎవరో ఒకరు కొట్టాలి కదా అని ఆమె కొట్టింది. ఆ తర్వాతి రోజూ కొట్టింది. అలా తల నెరిసింది.

తండ్రీ కూతుళ్లు ఉండేది చర్చి ఉత్తరపు గోడని ఆనుకుని కట్టిన రెండు గదుల్లో. ముందున్న పాస్టరుగారి రోజుల్లో, సంఘ పెద్దల అనుమతితో, పెద్దాయన తన చేతులతో కట్టుకున్న గదులవి. మూడు వైపులే గోడలు లేపాడు. నాలుగో గోడ చర్చిదే. నేల మెరకగా ఉన్న ఆ వైపు చర్చికి ఒక పక్క తలుపు ఉండేది. ఎవరూ పెద్దగా వాడటం లేదని దాన్ని ఇటుకలతో మూసేసి, ఆ గుంట చోట చెక్కలు బిగించి గూడు చేశాడు. ఆ గూట్లో మందుసీసాలు, దువ్వెన, అమ్మ ఫొటో ఉండేవి. అమ్మ ఆ గదిలోనే పోయింది. చెల్లెలు ఆ గదిలోంచే పెళ్లి చేసుకుని వెళ్లింది. తాళాలక్కకీ ఒక సంబంధం వచ్చింది, బస్సు కండక్టరు. మాట్లాడటానికి వచ్చిన మనిషికి ఆమె టీ ఇచ్చి ఇంకా ఖాళీ గ్లాసు తీసుకోకముందే, "మరి గంట ఎవరు కొడతారు?" అన్నాడు నాన్న. కండక్టరు నవ్వాడు, పరాచికం అనుకుని. అది పరాచికం కాదని ఇంట్లో వాళ్లకి తెలుసు.

గదికి ఒకటే కిటికీ. ఆ నాలుగో గోడ ఎప్పుడూ చెమ్మగా ఉండేది. ఎండాకాలంలో కూడా అరచెయ్యి ఆనిస్తే చల్లగా, జిగటగా తగిలేది. ఆమె దానికి పాత దుప్పటి ఒకటి అడ్డంగా కట్టింది. దుప్పటికి బూజు పట్టేది, ఉతికి మళ్లీ కట్టేది. నాన్న మంచం ఏటేటా గోడకి కొంచెం ఎడంగా జరుపుకుంటూ వచ్చింది. గోడలోని ప్లగ్గు ముట్టుకుంటే షాకు కొట్టేది కాబట్టి ఫోను ఛార్జింగు పాస్టరుగారి గదిలో పెట్టుకునేది. నాన్నకి దగ్గు. ఆమె బట్టలకి ఎప్పుడూ ఒక తడి వాసన. చర్చిలో పక్కన కూర్చున్న వాళ్లు కొద్దిగా జరగడం ఆమె గమనించేది, గమనించనట్టు ఉండేది.

చెల్లెలు వేరే ఊళ్లో కుట్టు దుకాణం నడిపేది. ఫోను చేసినప్పుడల్లా ఒకటే మాట. "అక్కా, ఇక్కడ మిషను ఖాళీగా ఉంది. నీ చెయ్యి నాకంటే నీటు. నాన్నని తీసుకుని వచ్చెయ్యి."

"నాన్న రాడే."

"నువ్వు అడిగావా?"

తాళాలక్క మాట మార్చేది. అడగలేదని కాదు. అడిగిన ప్రతిసారీ పెద్దాయన మొహం గోడవైపు తిప్పేసుకుని ఆ పూట అన్నం మానేసేవాడు. కోప్పడితే ఆమె తట్టుకునేదేమో. ఆయన కోప్పడడు. చిన్నపిల్లాడిలా పెదవి బిగించి పడుకుంటాడు. సాయంత్రానికి ఆమే బతిమాలి, "ఎక్కడికీ వెళ్లంలే నాన్నా, ముద్ద తిను" అని తినిపించేది.

పెచ్చు ఊడిపడ్డాక చర్చి మూసేశారు. ఆరాధన ఆవరణలో టెంటు కింద పెట్టారు. పాత కట్టడాలు బాగుచేసే ఒక ఇంజనీరమ్మని పిలిపించారు. ముప్పై దాటిన మనిషి, జీన్సు ప్యాంటు, భుజాన సంచి, మెళ్లో చిన్న టార్చి. ఆవిడ వెంట నెరిసిన మీసాల సున్నం మేస్త్రి. ఇద్దరూ పొద్దున్నే వచ్చి గోడని చెక్క సుత్తితో తట్టుకుంటూ తిరిగారు. ఒకచోట గట్టిగా మోగేది, ఒకచోట డొల్లగా. డొల్లగా మోగినప్పుడల్లా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు.

"ఇది సున్నంతో కట్టిన గోడ," అని ఇంజనీరమ్మ పాస్టరుగారికి చెప్పింది. "లోపలికి వెళ్లిన తడిని బయటికి వదిలేస్తుంది. మీరేమో ప్రతిసారీ పెచ్చు ఊడిందని పైన సిమెంటు పూసి, ఆయిల్ పెయింటు కొట్టారు. తడికి దారి లేకుండా పోయింది. లోపల్లోపలే నాని గోడ పిండి అవుతోంది."

"తడి ఎక్కడినుంచి వస్తోందమ్మా?"

ఆవిడ గోడ వైపు చెయ్యి చూపించింది. "అవతల ఏముంది?" అని అడిగింది.

అవతల తాళాలక్క వంటచేస్తోంది. నలుగురైదుగురు గుమ్మంలో నిలబడేసరికి గాభరాగా చెంగుతో చేతులు తుడుచుకుంది. ఇంజనీరమ్మ చెప్పులు విప్పి లోపలికి వచ్చి, పెద్దాయనకి నమస్కారం పెట్టి, "కొంచెం ఇది తియ్యొచ్చా అక్కా?" అని దుప్పటి చూపించింది. దుప్పటి పక్కకి తియ్యగానే నేల నుంచి మనిషి ఎత్తు దాకా నల్లగా, ఉబ్బిపోయి, ఉప్పు పూసిన గోడ బయటపడింది. తాళాలక్కకి నలుగురిలో బట్టలు ఊడినంత సిగ్గేసింది. ఇంజనీరమ్మ అరచెయ్యి గోడకి ఆనించి కాసేపు అలాగే నిలబడింది, రోగి నాడి పట్టుకున్నట్టు.

బయటికొచ్చాక ఆవిడ ఉన్నమాట చెప్పేసింది. ఈ గదుల కప్పు మీద పడిన నీళ్లన్నీ చర్చి గోడలోకే దిగుతున్నాయి. గదుల నేల మట్టి పోసి ఎత్తు చేశారు కాబట్టి ఆ మట్టి తడి కూడా గోడే తాగుతోంది. ఈ రెండు గదులూ తీసేసి, గోడకి ఎండా గాలీ తగలనిచ్చి, పూర్తిగా ఆరాక గానీ ఏ పనీ మొదలుపెట్టడానికి లేదు.

అందరూ ఒక్కసారి తాళాలక్క వైపు చూశారు, వెంటనే చూపులు తిప్పుకున్నారు.

ఇంజనీరమ్మ మాత్రం తిప్పుకోలేదు. "ఇవి తీసేస్తే మీరు ఎక్కడికి వెళ్తారక్కా?" అని అడిగింది.

తాళాలక్క గుండె ఒక్కసారి గంతేసింది. అది భయం కాదు. సంతోషం. ఆ సంతోషానికి ఆమే బిత్తరపోయి తలొంచుకుంది. ఎక్కడికి వెళ్తావని ఆమెని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. నోటి దాకా వచ్చింది, మా చెల్లెలి దగ్గరికి అని. అంతలోనే లోపలినుంచి నాన్న కర్రతో నేల మీద ఠక్కుఠక్కుమని కొట్టాడు. ఆమె లోపలికి వెళ్లిపోయింది.

పెద్దాయన అంతా విన్నాడు. ఆ రోజు కూడు ముట్టలేదు. మర్నాడు పాస్టరుగారికి కబురు పంపాడు. పాస్టరుగారు కుర్రవాడు, మెత్తని మనసు. మంచం పక్కన స్టూలు మీద కూర్చోగానే పెద్దాయన ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అయ్యగారూ, మీరు పుట్టకముందు నుంచి ఈ గోడ పక్కన పడుకుంటున్నాను. తుంటి విరిగాక లోపలికి రాలేకపోయాను. ముందర అన్ని మెట్లు, నన్నెవరు మొయ్యగలరు? కానీ గోడవైపు చెవి పెడితే పాటలు వినపడతాయి. మీ ప్రసంగం కూడా వినపడుతుంది, కొంచెం గట్టిగా చెప్పినప్పుడు. నాకు మిగిలింది అదే. అదీ తీసేస్తారా? నేను పోయాక కూల్చుకోండి. ఎంతోకాలం పట్టదులెండి."

పాస్టరుగారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. టీ గ్లాసు పట్టుకుని తలుపు దగ్గర నిలబడిన తాళాలక్కని చూసి, "భయపడకండి అక్కా. నేనున్నాను," అన్నారు.

ఆమె తల ఊపింది. ఇంకేం చేస్తుంది?

ఆ ఆదివారం టెంటు కింద పాస్టరుగారు ప్రసంగించినంత బాగా ఎప్పుడూ ప్రసంగించలేదని అందరూ అన్నారు. సంఘమంటే రాళ్లూ సున్నమూ కాదనీ, మనుషులే దేవుని ఇల్లనీ చెప్పారు. తల దాచుకునే చోటు లేక పశువుల కొట్టంలో పుట్టిన ప్రభువు పేరున కట్టిన గుడి, ఒక ముసలాయన్నీ ఆయన కూతుర్నీ వీధిలో పెట్టి నిలబడితే అది ఎవరి గుడి అని అడిగారు. ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. కోశాధికారి, ఎప్పుడూ మొహం ముడుచుకుని ఉండే మనిషి, లేచి నిలబడి ఆ గదుల జోలికి ఎవరూ పోకూడదని తీర్మానం పెట్టాడు. చేతులన్నీ పైకి లేచాయి. పాటల పిన్ని వచ్చి తాళాలక్కని గట్టిగా కావలించుకుంది. "నిన్ను ఎక్కడికీ పోనివ్వమే పిచ్చిదానా! నువ్వు లేకపోతే మాకు చర్చేదీ?"

తాళాలక్క ఆ కౌగిలిలో ఊపిరాడనట్టు నిలబడింది. పాస్టరుగారు చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదు. అందుకే ఆమెకి దిక్కుతోచలేదు. చెడ్డవాళ్లయితే ఎదురు తిరగొచ్చు. ఇంత ప్రేమ చూపించినవాళ్ల ముందు నిలబడి, నాకు ఇక్కడ ఉండాలని లేదని ఎలా చెప్తుంది? నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. ఆనందబాష్పాలనుకుని ఇంకో ఇద్దరు వచ్చి కావలించుకున్నారు.

ఇంజనీరమ్మ ఆ తీర్మానం విని వాదించలేదు. "మీ మనసు నాకు అర్థమైంది," అంది. "కానీ తడి ఆగకుండా నేను గోడ బాగుచేశానని చెప్తే అబద్ధమవుతుంది. పడిపోకుండా ఊతకర్రలు పెట్టించి వెళ్తాను. ఆ తర్వాత మీ ఇష్టం." వెళ్లేముందు తాళాలక్క గుమ్మం దగ్గర ఆగి ఏదో అడగబోయి, మంచం మీంచి తననే చూస్తున్న పెద్దాయన్ని చూసి ఊరుకుంది.

ఊతకర్రలు అంటే తాటి దూలాలంత దుంగలు. చర్చి గోడ పైభాగం నుంచి ఏటవాలుగా, తాళాలక్క గదుల కప్పు మీదుగా దిగి, గుమ్మం ముందరి నేలలో నాటుకున్నాయి. రెండు దుంగలు సరిగ్గా కిటికీకి అడ్డం వచ్చాయి. పట్టపగలు కూడా గదిలో దీపం వేసుకోవాల్సి వచ్చింది. బయటికి వెళ్లాలంటే దుంగల మధ్యలోంచి పక్కకి తిరిగి దూరాలి. ఆమె అలా వంగి దూరుతుంటే ఆవరణలోని వాళ్లు, "జాగ్రత్త తాళాలక్కా!" అని ఆప్యాయంగా కేకేసేవాళ్లు. మేస్త్రి తన పనిముట్ల సంచి వానకి తడుస్తుందని ఆమె గదిలో మంచం కింద పెట్టి వెళ్లాడు.

అప్పటిదాకా ఆమె ప్రార్థనలో ఎప్పుడూ తడుముకోలేదు. ఇప్పుడు మోకరిస్తే మాటలు వచ్చేవి కావు. నన్ను ఇక్కడినుంచి తీసుకెళ్లు అంటే నాన్న చావు కోరినట్టవుతుంది. నాకు ఓర్పునివ్వు అందామంటే, ఆ ఓర్పు పేరు వింటేనే వెగటు పుట్టేది. ఊరికే మోకాళ్ల మీద కూర్చుని లేచేది. చర్చి తుడవాల్సిన పని కూడా లేదిప్పుడు. మూసిన చర్చికి తాళం వేసి ఉంది, ఆ తాళంచెవి ఆమె నడుముకే ఉంది.

వానలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. నాన్నకి కషాయం కాస్తుంటే బయట ఫెళ్లుమని పెద్ద చప్పుడైంది. గది అదిరింది. వెళ్లి తలుపు తోసింది. అది బయటికి తెరుచుకునే తలుపు. జానెడు కదిలి ఆగిపోయింది. సందులోంచి చూస్తే నేల నాని ఒక దుంగ జారి, సరిగ్గా తలుపుకి అడ్డంగా పడి ఉంది. భుజంతో తోసింది, కాలితో తన్నింది, కేకలు పెట్టింది. వాన హోరులో ఆమె గొంతు ఆమెకే వినపడలేదు. ఫోను పాస్టరుగారి గదిలో ఛార్జింగులో ఉంది. కిటికీకి ఊచలు, ఊచల అవతల దుంగలు.

గడప కిందనుంచి నీళ్లు లోపలికి రావడం మొదలైంది. చర్చి గోడకీ గది కప్పుకీ మధ్య అతుకు దగ్గర రేకు లేచి, ధారగా నీళ్లు మంచం పక్కన పడుతున్నాయి. ఆమె మంచం జరిపింది. జరపడానికి ఇంకెక్కడా చోటు లేదు.

"ఎవరైనా వస్తార్లే," అన్నాడు పెద్దాయన. గొంతులో ధైర్యం లేదు.

"ఈ వానలో ఎవరొస్తారు?"

"అరుస్తావేం?"

ఆమె అరిచిందని ఆమెకే తెలియలేదు. నీళ్లు చీలమండలు దాటాయి. ఆమె ఆ నీళ్లలోనే నిలబడి, గోడ వైపు చూస్తూ అంది. "నాకు వెళ్లాలని ఉంది నాన్నా."

"తలుపు తెరుచుకోందే ఎక్కడికెళ్తావ్?"

"ఇప్పుడు కాదు. ఎప్పుడూ. మొదటినుంచీ."

పెద్దాయన మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. తర్వాత, "వెళ్లు. ఎవరు పట్టుకున్నారు నిన్ను? మంచం మీద పడి ఉన్నవాణ్ణి, నేను పట్టుకోగలనా?" అన్నాడు.

"ఎవరూ పట్టుకోలేదు. అదే నాన్నా నా బాధ. ఎవరైనా పట్టుకుంటే విదిలించుకునేదాన్ని."

ఆ మాట అన్నాక ఆమె వంగింది. మంచం కింద చెయ్యి పెట్టి నీళ్లలో నానుతున్న మేస్త్రి సంచి లాగింది. సుత్తి, ఉలి తీసింది. గూట్లోని మందుసీసాలు, దువ్వెన తీసి నాన్న ఒళ్లో పెట్టింది. అమ్మ ఫొటో రవికలో దోపుకుంది. చెక్కలు పీకి అవతల పారేసింది.

"ఏం చేస్తున్నావ్? ఏయ్ అమ్మాయ్, ఏం చేస్తున్నావ్? అది చర్చి గోడే!"

"తలుపు," అంది ఆమె. సుత్తి ఎత్తి కొట్టింది.

మొదటి నాలుగు దెబ్బలకి నీళ్లే చిమ్మాయి. పెద్దాయన ఆపమని కర్రతో మంచం పట్టె మీద కొడుతున్నాడు. ఆమె ఆగలేదు. జుట్టు ఊడి మొహాన పడింది. ఏడుస్తోందో, వాన నీళ్లో తెలియదు. ఒక దెబ్బకి ఉలి జారి వేలు చితికింది. అయినా ఆగలేదు. కర్ర చప్పుడు ఎప్పుడు ఆగిందో ఆమె గమనించలేదు.

"అక్కడ కాదే," అన్నాడు వెనకనుంచి పెద్దాయన. "కింద కొడితే నీ మీద పడతాయి. పైన మొదలుపెట్టు. తలుపు కమాను కింద వరస చూడు. అక్కడ సగం ఇటుకలే పెట్టాను."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఆయన మోచేతుల మీద లేచి కూర్చునే ప్రయత్నంలో ఉన్నాడు. ఒళ్లో మందుసీసాలు.

"చూస్తావేం? కొట్టు!"

పైవరస కదిలాక మిగతావి తడిసిన రొట్టెముక్కల్లా చేతికి ఊడొచ్చాయి. అవతలినుంచి పొడి గాలి మొహానికి తగిలింది. దుమ్ము వాసన, పాత చెక్క వాసన. మనిషి పట్టేంత కంత చేశాక ఆమె నాన్నని పరుపుతో సహా మంచం మీంచి దింపి, నీళ్లలో ఈడ్చి, ఇటుకల మీదుగా లాగింది. ఆ దారికి గడపే తప్ప మెట్లు లేవు. ఆయన నొప్పికి మూలిగాడు, తిట్టాడు, కాని ఆగమనలేదు.

చర్చి లోపల బెంచీలన్నీ ఒక మూల పేర్చి టార్పాలిను కప్పి ఉన్నాయి. ఖాళీ నేల మీద, ప్రార్థన బల్ల ముందు, పెద్దాయన వెల్లకిలా పడి పైకి చూస్తున్నాడు. తుంటి విరిగాక ఆయన లోపలికి రావడం అదే మొదలు. ఆయన పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన అనుకుని ఆమె దగ్గరికి వంగింది.

"పైకప్పుకి ఆ నీలం రంగు ఎవడే వేసింది?" అంటున్నాడు. "దరిద్రంగా ఉంది."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన చెయ్యి చాచి, అందినంత మేర, ఆమె పాదం మీద పెట్టాడు. "ఈ తలుపుకి మెట్లు లేవు," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. "కుంటివాళ్లనీ, పక్షవాతం వచ్చినవాళ్లనీ ఇటునుంచే తెచ్చేవాళ్లు, నా చిన్నప్పుడు."

ఆమె లేచి, లోపలినుంచి పెద్ద తలుపు తాళం తీసి, వెళ్లి గంట తాడు పట్టుకుంది.

వేళకాని వేళ గంట మోగేసరికి ఊళ్లో వాళ్లు గొడుగులు, గోనెసంచులు కప్పుకుని పరుగెత్తుకొచ్చారు. పాస్టరుగారు నిలువునా తడిసి ముందొచ్చారు, వెనకే కోశాధికారి, పాటల పిన్ని. లోపల దృశ్యం చూసి ముక్కున వేలేసుకున్నారు. కోశాధికారి గోడలోని కంతని చూసి, "ఎవరు కొట్టారిది?" అన్నాడు.

"మూసింది నేను," అన్నాడు నేల మీంచి పెద్దాయన. "తెరిచింది నా కూతురు. ఇద్దర్లో ఎవరి పని బావుందో చూసుకోండి."

ఆడవాళ్లు దుప్పట్లు తెచ్చారు, వేలికి కట్టు కట్టారు. "మా ఇంటికి రండి," "కాదు, మా ఇంటికి," అని పోటీలు పడ్డారు. "గదులు మళ్లీ బాగుచేయిస్తాం అక్కా, మీరేం దిగులు పెట్టుకోకండి," అన్నారు పాస్టరుగారు.

"వద్దు అయ్యగారూ."

ఆమె గొంతు చిన్నదే. కాని ఖాళీ చర్చిలో అందరికీ వినపడింది.

"తీసెయ్యండి వాటిని. నేను మా చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతాను. నాన్న వస్తే నాన్ననీ తీసుకెళ్తాను. మీరందరూ మంచివాళ్లే. నా కోసం ఏడ్చారు కూడా. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు."

పాస్టరుగారి మొహం పాలిపోయింది. ఆయన తడి నేల మీదే ఆమె పక్కన కూర్చున్నారు. "నిజమే అక్కా," అన్నారు. "మీ గురించి ప్రసంగం చేశాను. మీతో మాట్లాడలేదు." ఆయన ఆ రోజు ప్రార్థన చెయ్యలేదు. మీరే చెయ్యండి అని ఆమెని అడిగారు. ఆమె కళ్లు మూసుకుని, "తండ్రీ, వాన తగ్గించు," అంది. అందరూ ఆమేన్ అన్నారు.

ఇంజనీరమ్మ మళ్లీ వచ్చింది. కంతని చూసి, పైనున్న కమాను తడిమి, "ఇది ఉండబట్టి బతికిపోయారు మీరిద్దరూ," అని తల పట్టుకుంది. తర్వాత తాళాలక్క కట్టు కట్టిన వేలు చూసి, "అయినా బాగా కొట్టారు," అంది. గదులు తీసేశారు. ఎత్తు చేసిన మట్టి తవ్వి తీసేశారు. సిమెంటంతా చెక్కేశాక గోడ రాళ్లు బయటపడి ఎండకి మెల్లగా రంగు మారడం మొదలుపెట్టాయి. పక్క తలుపుని మళ్లీ తలుపుగానే కట్టాలని సంఘం తీర్మానించింది. ఈసారి చేతులెత్తే ముందు, మంచాన పడ్డవాళ్లు, చంకకర్రలవాళ్లు ఎంతమంది ఇళ్లలో ఉండిపోతున్నారో పాస్టరుగారు ఇంటింటికీ తిరిగి అడిగి వచ్చారు. అనుకున్నదానికంటే చాలామంది ఉన్నారు. తాము మనుషుల్ని కాపాడటానికి గోడని వదులుకోబోయామనీ, ఆ గోడలోనే మనుషులకి దారి ఉందని తెలియలేదనీ ఆయన తర్వాత ఎవరితోనో అన్నారట.

పెద్దాయన చెల్లెలి ఊరికి వెళ్లడానికి ఒప్పుకున్నాడనడం కంటే, కాదనడం మానేశాడు అనడం సరైనది. వ్యానులో దారిపొడుగునా మొహం అటు తిప్పుకునే ఉన్నాడు. అక్కడికి వెళ్లాక దుకాణం వెనక గదిలో పడుకుని, మిషన్ల చప్పుడుకి తల పగిలిపోతోందని రోజూ సణిగేవాడు. తాళాలక్క రోజుకి పదిసార్లు లేచి ఆయనకి కావలసినవి చూసి వచ్చి మళ్లీ మిషను ముందు కూర్చునేది. అలా లేవడం తప్పలేదు, ఆయన ఉన్నంతకాలం తప్పదు కూడా. కొన్ని రోజులు వేళకి గంట కొట్టాలని కాళ్లు వాటంతటవే లేచేవి. లేచి, నిలబడి, మళ్లీ కూర్చునేది. కొత్త చోట ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్లు. పలకడం అలవాటవడానికి చాలాకాలం పట్టింది.

గోడ ఆరి, సున్నం పూసి, చర్చి మళ్లీ తెరిచిన రోజున ఇద్దర్నీ పిలిచారు. పక్క తలుపులోంచి చక్రాల కుర్చీలో పెద్దాయన్ని లోపలికి తోసుకొచ్చారు. ఆయన వెనక ఇంకా కొంతమంది వచ్చారు, కర్రలు పట్టుకుని, మనవల భుజాలు పట్టుకుని. పాస్టరుగారు తాళాలక్కని రెండు మాటలు చెప్పమన్నారు. ఆమె వద్దు వద్దంటూనే లేచింది.

"నాకు మాట్లాడటం రాదు," అంది. "ఇన్నేళ్లూ దేవుడి ఇంటి పక్కనే ఉన్నాం, మాకంటే దగ్గర ఎవరున్నారు అనుకునేదాన్ని. ఆయన ఇంటి తలుపుకి అడ్డంగా ఉన్నామని అనుకోలేదు. ఆయన మమ్మల్ని అక్కడ పెట్టాడనుకున్నా. అలా అనుకుంటే కదలాల్సిన పని ఉండదు కదా." ఇంకేం చెప్పాలో తెలియక పమిట సర్దుకుంది. "వాన రోజు ఆ ఇటుకలు నేనొక్కదాన్నే కొట్టాననుకోకండి. అవతలినుంచి కూడా ఎవరో తోసినట్టే అనిపించింది. అంతే."

అని వచ్చి నాన్న కుర్చీ పక్కన కూర్చుంది. పాటల పిన్ని కొత్త హార్మోనియం మీద పాట ఎత్తుకుంది. పెద్దాయన కూతురి వైపు వంగి, ఆ తలుపుకి పెట్టిన చెక్క మంచిది కాదని, రెండు వానాకాలాలు కూడా ఆగదని చెవిలో చెప్పాడు. "అలాగే నాన్నా, మేస్త్రితో చెప్తాలే," అని ఆమె పాటలో గొంతు కలిపింది.